మంచులో ఆకలి, మన్యంలో జ్వరం

1912 నవంబరు 12న దక్షిణ ధ్రువ ఖండంలో, రాస్ మంచు పలక మీద, దాదాపు పూడిపోయిన గుడారం ఒకటి బయటపడింది. లోపల ముగ్గురు బ్రిటిష్ ధ్రువయాత్రికులు: రాబర్ట్ స్కాట్, ఎడ్వర్డ్ విల్సన్, హెన్రీ బవర్స్. చనిపోయి ఏడు నెలలు దాటింది. వాళ్లను వెతుక్కుంటూ బయల్దేరిన జట్టు బరువులు లాగించడానికి ఏడు కంచరగాడిదల్ని తీసుకెళ్లింది. అవి భారత ప్రభుత్వం పంపినవి, హిమాలయాల్లో పని నేర్చినవి. లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహెబ్ అని వాటి పేర్లు. చచ్చిపోయినవాళ్ల స్లెడ్జి బండి మీద తిండి లేదు గానీ 16 కిలోల రాళ్లున్నాయి. బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఫిబ్రవరి 8న ఏరినవి. ఆ తర్వాత ఆకలి ముదిరినా, కాళ్లు మంచుకు చచ్చుబడినా వాటిని మాత్రం పారేయలేదు. కేంబ్రిడ్జిలో ఆల్బర్ట్ సీవార్డ్ వాటిని పరీక్షించి, అందులో ఉన్నది గ్లోసాప్టెరిస్ అనే అంతరించిన చెట్టు ఆకు అచ్చు అని 1914లో తేల్చాడు.

ఆ ఆకు గోదావరి లోయకు కొత్తది కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన సింగరేణి బొగ్గు ఆ చెట్ల అడవులు పూడి, అణగారి ఏర్పడిందే. పోలవరం అడవుల వెనక బెడదనూరు బొగ్గు కూడా ఆ కాలపు పొరల్లోదే. ఒకప్పుడు ఈ నేలా ఆ నేలా అతుక్కుని ఉండేవనీ, ఆ మహాఖండానికి గోండుల సీమ పేరే పెట్టారనీ ఇప్పుడు హైస్కూలు పిల్లలకూ తెలుసు. మే నెలలో పట్టిసం ఇసుక తిన్నె మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేని మనకు ధ్రువయాత్రల గోల ఎందుకని ఎవరైనా అడిగితే, ఈ ఒక్క సంగతి చాలు.

అసలు ప్రశ్న మాత్రం రాళ్ల గురించి కాదు. ఆ మనుషులు అంత ఎలా ఓర్చుకున్నారు? వందేళ్లుగా దీనికి చాలా జవాబులొచ్చాయి. గుండెనిబ్బరం అన్నారు కొందరు. పనితనం అన్నారు మరికొందరు. వాతావరణం కలిసొస్తే బతికారు, లేకపోతే చచ్చారని ఇంకొందరు. ఈ మధ్య కాలంలో తిండి లెక్కలు తీసినవాళ్లున్నారు, చరిత్రలో పేరెక్కని మనుషుల్ని వెతికి తీసినవాళ్లూ ఉన్నారు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు చివరి రెండు జవాబుల్లోనే పస ఎక్కువ కనిపిస్తుంది. మన మన్యంలో రెండు వందల ఏళ్ల కింద జరిగిన ఒక ఉదంతం కూడా అదే చెబుతుంది.

ముందు గుండెనిబ్బరం సంగతి. 1913 ఫిబ్రవరిలో స్కాట్ మరణవార్త లండన్ చేరింది. సెయింట్ పాల్ చర్చిలో రాజు సమక్షంలో ప్రార్థన జరిగింది. ఆఖరి రోజుల్లో స్కాట్ రాసుకున్న దినచర్య, ఉత్తరాలు అచ్చయ్యాయి. ఒప్పుకోవాలి, స్కాట్ గొప్పగా రాస్తాడు. వేళ్లు కొంకర్లు పోతున్న మనిషి పెన్సిలుతో అంత నిలకడైన వచనం రాయడం మామూలు విషయం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. వచనం బాగుండేసరికి ప్రయాణం కూడా బాగా జరిగిందన్న భ్రమ కలిగింది. రెండు తరాల పిల్లలకు బళ్లో నేర్పింది ఆ చావునే, దానికి ముందు జరిగిన ఏర్పాట్లను కాదు.

1979లో రోలండ్ హంట్‌ఫోర్డ్ స్కాట్‌నూ ఆముండ్‌సెన్‌నూ పక్కపక్కన నిలబెట్టి పుస్తకం రాసి ఆ బొమ్మను పగలగొట్టాడు. నార్వేకు చెందిన రోఆల్ ఆముండ్‌సెన్ 1911 డిసెంబరు 14న, స్కాట్ కంటే ఐదు వారాల ముందు, దక్షిణ ధ్రువం చేరాడు. ఐదుగురు మనుషులు, 52 కుక్కలతో బయల్దేరి, 99 రోజుల్లో వెళ్లి వచ్చాడు. 11 కుక్కలు మిగిలాయి. తక్కినవాటిలో చాలా భాగం దారిలో మనుషులకూ మిగతా కుక్కలకూ ఆహారమయ్యాయి. తలుచుకుంటే కడుపులో దేవుతుంది గానీ, అది ముందే వేసుకున్న లెక్క. దారి పొడుగునా తిండి డిపోలు పెట్టి, ఒక్కో డిపోకు రెండు వైపులా అడ్డంగా మైళ్ల దూరం జెండాలు పాతాడు. పొగమంచులో దారి తప్పినా ఏదో ఒక జెండా తగలాలని.

స్కాట్ పెద్ద డిపో కథ వేరు. దాన్ని 80 డిగ్రీల అక్షాంశం దగ్గర పెట్టాలనుకున్నారు. గుర్రాలు నీరసించడంతో 50 కిలోమీటర్లకు పైగా ఇవతలే దించేశారు. గుర్రాల్ని చంపైనా ముందుకు పోదామని జట్టులోని ఓట్స్ పట్టుబట్టాడు, స్కాట్ మనసొప్పలేదు. మరుసటి ఏడాది మార్చిలో ఆ ముగ్గురూ చనిపోయింది డిపోకు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో. ముందు అనుకున్న చోటే అది ఉండి ఉంటే వాళ్లు ఎప్పుడో దాన్ని చేరేవారు. గుర్రాల మీద జాలి తప్పు కాదు. ఆ జాలి ఖర్చు ఎక్కడ పడుతుందో లెక్క కట్టకపోవడమే తప్పు.

హంట్‌ఫోర్డ్ దెబ్బకు స్కాట్ పూర్తిగా కూలిపోయాడనుకునేలోగా 2001లో సూసన్ సాలమన్ అనే వాతావరణ శాస్త్రవేత్త గణాంకాలతో వచ్చింది. 1912 మార్చిలో ఆ మంచు పలక మీద చలి మామూలు ఏళ్ల కంటే చాలా తీవ్రంగా ఉందనీ, అంత చలికి మంచు ఇసుకలా గరుకెక్కి స్లెడ్జి జారదనీ చూపించింది. ఆమె వాదన బలమైనదే. అయినా పరీక్షలో ప్రశ్నపత్రం కఠినంగా వచ్చిందన్నంత మాత్రాన చదువు సరిపోయిందని కాదు కదా. వాతావరణం ఆముండ్‌సెన్ చేతిలోనూ లేదు. తేడా వస్తుందని తెలిసి మిగులు పెట్టుకున్నాడు, అంతే.

ఈ కథలో అసలు కీలకం నాకు స్కాట్ కంటే స్కాట్‌ను ఎంచుకున్న పెద్దమనిషిలో కనిపిస్తుంది. సర్ క్లెమెంట్స్ మార్కమ్, 1893 నుంచి 1905 దాకా లండన్ భౌగోళిక సంఘానికి అధ్యక్షుడు. 1901 డిస్కవరీ యాత్రకు స్కాట్ నాయకుడయ్యింది ఆయన పట్టుదల వల్లే. కుక్కల్ని వాడటం మార్కమ్‌కు చిన్నతనం. మనుషులే నడుముకు పట్టీ కట్టుకుని బండి లాగడంలో మగతనం ఉందని ఆయన నమ్మకం. మన డెల్టా కాలువల్లో గాలి పడిపోయినప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాళ్లు. నడుము వంగిపోయే పని అది. దాన్ని కూలి అన్నారే గానీ మగతనమని ఎవరూ పద్యాలు కట్టలేదు. మంచు మీద అదే పని దొరలు చేసేసరికి వీరగాథ అయింది.

లాగుడు పనికి ఎంత తిండి కావాలి? స్కాట్ జట్టుకు ధ్రువ పీఠభూమి మీద మనిషికి రోజూ దక్కింది ఇది: బిస్కెట్లు 450 గ్రాములు, పెమ్మికన్ 340, వెన్న 57, చక్కెర 85, టీ ఆకు 24, కోకో పొడి 16. పెమ్మికన్ అంటే ఎండుమాంసం పొడిలో కరిగిన కొవ్వు పోసి బిగించిన ముద్ద. దాన్ని మరిగే నీళ్లలో వేసి, బిస్కెట్లు చిదిమి కలిపి, జావలా తాగేవారు. హూష్ అని దాని పేరు. అంతా కలిపితే 4,500 కేలరీల దాకా వస్తుంది. ఇంట్లో కూర్చున్నవాడికి అది రెండు రోజుల తిండి. మంచులో బండి లాగేవాడికి చాలదు. 1992-93లో రనుల్ఫ్ ఫియన్స్, మైక్ స్ట్రౌడ్ అనే ఇద్దరు బ్రిటిష్ యాత్రికులు ఆ ఖండాన్ని కాలినడకన స్లెడ్జిలు లాగుతూ దాటారు. స్ట్రౌడ్ డాక్టరు కాబట్టి దారి పొడుగునా తమ ఒంటినే కొలిచాడు. రోజుకు ఆరు వేల కేలరీలకు పైగానే ఖర్చవుతున్నట్టు తేలింది. అంటే స్కాట్ మనుషులు రోజూ కడుపు నిండా తిన్నామనుకుంటూనే తమ కండను తామే తింటున్నారు.

వాళ్లకు ఇది బొత్తిగా తెలియదనడం కూడా అన్యాయం. 1911 జూన్ చివర, ధ్రువపు రాత్రి మధ్యలో, విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ ముగ్గురూ ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం క్రోజియర్ అగ్రానికి వెళ్లారు. చీకటి, సున్నాకు దిగువన 60 డిగ్రీలు. గుడ్డలు గడ్డకట్టి తగరపు రేకులైపోయేవి. ఆ నరకంలో కూడా ముగ్గురూ తమ మీద తాము ప్రయోగం చేసుకున్నారు. ఒకరు కొవ్వు ఎక్కువ, ఒకరు పెమ్మికన్ ఎక్కువ, ఒకరు బిస్కెట్ ఎక్కువ. కొవ్వు తినేవాడికి అది మింగుడు పడలేదు, బిస్కెట్ తినేవాడికి చలి ఆగలేదు, చివరికి సర్దుకున్నారు. మూడు గుడ్లు బతికి బట్టకట్టాయి. ధ్రువయాత్ర రేషన్ ఆ ప్రయోగం నుంచే వచ్చింది. శాస్త్రీయ దృష్టి ఉంది, శాస్త్రమే ఇంకా పుట్టలేదు. కండరం పని చేసేటప్పుడు శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో ఆనాడు లోకానికే తెలియదు. ఆ గుట్టు విప్పడంలో పెద్ద పాత్ర 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. సహశాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించి ప్రకటించాడు, 1929లో ఏటీపీ గురించి. స్కాట్ చనిపోయిన పదిహేను, పదిహేడేళ్లకు.

ఆకలి కంటే పెద్ద శత్రువు స్కర్వీ. చిగుళ్లు ఉబ్బి రక్తం కారుతాయి, పాత గాయాలు మళ్లీ తెరుచుకుంటాయి, మోకాళ్లు నల్లబడి బిగుసుకుపోతాయి. నిమ్మరసంతో ఇది తగ్గుతుందని 1747లోనే జేమ్స్ లిండ్ చూపించాడు. 1795 నుంచి బ్రిటిష్ నౌకాదళం రోజూ నిమ్మరసం పోసింది, స్కర్వీ పోయింది. కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో మధ్యధరా తీరపు పెద్ద నిమ్మకాయలు మానేసి, సొంత వలస దీవులైన వెస్టిండీస్ నుంచి చిన్న నిమ్మకాయలు తెప్పించడం మొదలెట్టారు. పులుపు సమానం, సత్తువ నాలుగో వంతు. ఆవిరి ఓడల కాలంలో ప్రయాణాలు పొట్టివయ్యాయి కాబట్టి తేడా బయటపడలేదు. 1875-76 నేర్స్ ఆర్కిటిక్ యాత్రలో బయటపడింది. స్లెడ్జి జట్లు కుప్పకూలాయి. ఆ యాత్రలో 83 డిగ్రీల 20 నిమిషాల దాకా వెళ్లిన ఆల్బర్ట్ మార్కమ్ మన క్లెమెంట్స్ మార్కమ్‌కు వరసకు తమ్ముడు. ఆ దెబ్బతో డాక్టర్లకు నిమ్మరసం మీదే నమ్మకం పోయింది. డబ్బా మాంసం పాడై విషమెక్కడం వల్ల స్కర్వీ వస్తుందన్న సిద్ధాంతం పట్టుకున్నారు. తెలిసిన సంగతి మరచిపోవడానికి తెలియనితనం అక్కర్లేదు, కొద్దిగా చదువు చాలు.

1907లో నార్వే శాస్త్రవేత్తలు హోల్స్ట్, ఫ్రోలిక్ గినీ పందుల మీద ప్రయోగం చేసి స్కర్వీ ఆహారలోపమేనని తేల్చారు. నాలుగేళ్ల తర్వాత, 1911 ఆగస్టులో, స్కాట్ శిబిరంలో డాక్టర్ ఆట్కిన్సన్ స్కర్వీ మీద ఉపన్యాసమిచ్చాడు. రక్తంలో ఆమ్లం పెరగడమే కారణమని చెప్పాడు. స్కాట్ శ్రద్ధగా రాసుకున్నాడు. శిబిరంలో ఉన్నంత కాలం సీల్ మాంసం తిన్నారు కాబట్టి బాగానే ఉన్నారు. ప్రయాణపు రేషన్‌లో మాత్రం స్కర్వీని ఆపే సి విటమిన్ సున్నా.

మరి ఇదంతా శాస్త్రం తేల్చేదాకా ఆగకుండా బాగుపడినవాళ్లున్నారా? ఉన్నారు. 1898లో బెల్జికా అనే ఓడ దక్షిణ సముద్రపు మంచులో ఇరుక్కుంది. దక్షిణ ధ్రువ ప్రాంతంలో శీతాకాలం గడిపిన మొదటి ఓడ అది. జనం స్కర్వీతో పడిపోతుంటే డాక్టర్ ఫ్రెడరిక్ కుక్ పెంగ్విన్, సీల్ మాంసం తినిపించాడు, సగం పచ్చిగా. ఉత్తర దేశపు ఇన్యూట్లతో ఉండి నేర్చుకున్న విద్య అది. రోజుల్లో లేచి కూర్చున్నారు. ఆ ఓడలో మేటుగా పనిచేసిన కుర్రవాడు ఆముండ్‌సెన్. తర్వాత గ్యోవా ఓడలో వెళ్లి కింగ్ విలియం దీవిలో నెట్సిలిక్ ఇన్యూట్ల పక్కనే రెండు చలికాలాలు గడిపి, తోలు దుస్తులు వదులుగా ఎలా తొడగాలో, కుక్కల్ని ఎలా తోలాలో వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. అంతకు ముందు ఫ్రిత్యోఫ్ నాన్సెన్, యాల్మార్ యోహాన్సెన్ 1895-96 చలికాలమంతా ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లో రాళ్ల గూడు కట్టుకుని, పైన వాల్రస్ చర్మం కప్పుకుని, ఎలుగు మాంసం తిని గడిపారు. బయటకొచ్చేసరికి ఇద్దరూ బరువు పెరిగారు! ధ్రువ చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన వాక్యం ఇదే.

ఆముండ్‌సెన్ శిబిరంలో వంటవాడు అడాల్ఫ్ లిండ్‌స్ట్రోమ్. లావాటి మనిషి, సరదా మనిషి. సీల్ మాంసం మరీ ఉడికించకుండా, ముడి ధాన్యపు రొట్టెలతో, బెర్రీ జాముతో రోజూ పెట్టేవాడు. ఆముండ్‌సెన్ జట్టు ఐదుగురూ ధ్రువం గెలిచారంటే అందులో లిండ్‌స్ట్రోమ్ వాటా ఎంతో ఆముండ్‌సెన్‌కు తెలుసు, మెచ్చుకుంటూ రాశాడు కూడా. ఆముండ్‌సెన్‌ను నేను దేవుణ్ణి చేయడం లేదు. సెప్టెంబరులోనే తొందరపడి బయల్దేరి, చలికి తట్టుకోలేక వెనక్కి పరిగెత్తిన రోజు, వెనకబడిన సహచరుణ్ణి వెంటబెట్టుకొచ్చిన యోహాన్సెన్ అందరిముందూ నిలదీశాడు. ఆ మాట సహించక అతణ్ణి ధ్రువపు జట్టు నుంచి తీసేశాడు. 1913 జనవరిలో యోహాన్సెన్ ఆత్మహత్య చేసుకున్నాడు.

ఇప్పుడు గోదావరికి రావాలి. విలియం లాంబ్టన్ దక్షిణ భారతం నుంచి ఉత్తరానికి భూమిని త్రిభుజాలుగా కొలుచుకుంటూ హైదరాబాదు చేరిన కాలం అది. 1818 చివర్లో అతనికి సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ వచ్చాడు. ఆ తర్వాత ఒక శిఖరానికి పేరయినవాడే. అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. 1819లో అతణ్ణి కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపారు. వానాకాలంలో దుమ్ము అణిగి దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి, కొలతకు అదే అదను అని లాంబ్టన్ పద్ధతి. కొలతకు మంచి కాలం, మనిషికి చెడ్డ కాలం. యెల్లాపురం అడవిలో జ్వరం పట్టుకుంది. దాదాపు 150 మంది జట్టులో ఒక్కరు కూడా నిలబడలేని పరిస్థితి. హైదరాబాదు నుంచి వాహనాలు పంపి వాళ్లను మోయించుకు రావాల్సి వచ్చింది. పదిహేను మంది చనిపోయారు. ఎవరెస్ట్ కోలుకుని, మళ్లీ వెళ్లి, మళ్లీ పడి, 1820లో గుడ్‌హోప్ అగ్రానికి గాలిమార్పు కోసం వెళ్లాడు.

స్కాట్ జట్టులో ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయినవాళ్లు, గుడారంలోని ముగ్గురితో కలిపి, ఐదుగురు. ఎవరెస్ట్ జట్టులో ఒక్క సీజనులో పదిహేను మంది. ఆ ఐదుగురి పేర్లు ఇంగ్లండులో రాతి మీద, గాజు కిటికీల మీద ఉన్నాయి. ఈ పదిహేను మంది ఖలాసీలు, మోతగాళ్లు, సిపాయీలు. ఎవరెస్ట్ రాసిన పుస్తకంలో వాళ్లు ఒక అంకె. కొండ మీద చెట్లు కొట్టి చూపు దారి చేసిందీ, బరువైన కొలత యంత్రాన్ని చెక్కుచెదరకుండా శిఖరానికి చేర్చిందీ, జెండా కర్ర పట్టుకుని వానలో రోజుల తరబడి మేఘం తొలగేదాకా నిలబడిందీ వాళ్లే.

జ్వరానికి కారణమేమిటని అడిగితే ఆనాటి జవాబు చెడుగాలి. కుళ్లిన ఆకుల నుంచి లేచే ఆవిరి. స్కర్వీకి చెప్పిన పాడైన మాంసం సిద్ధాంతానికి ఇది కవల. రెండూ కళ్లకు కనిపించే మురికిని పట్టుకున్నాయి, అసలు దొంగను వదిలేశాయి. మన్యం జ్వరం గుట్టు ఎవరెస్ట్ జట్టును మోసుకొచ్చిన దారి చివరే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద దొరికింది. దోమ కడుపులో.

మందు మాత్రం అంతకు ముందే వచ్చింది. దాన్ని తెచ్చినవారిలో ముందు నిలబడ్డ పేరు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. క్లెమెంట్స్ మార్కమ్. 1860లో పెరూ అడవులకు వెళ్లి, బెరడు నుంచి క్వినైన్ మందు వచ్చే సింకోనా మొక్కలు సేకరించి నీలగిరులకు చేర్చే పని నడిపింది ఈయనే. అంతకు పదేళ్ల ముందు ఆర్కిటిక్‌లో ఓడలతో సహా మాయమైన ఫ్రాంక్లిన్ కోసం వెతికినవాడూ ఈయనే. భారతదేశపు సర్వేల చరిత్ర మీద 1871లో పుస్తకం రాసి లాంబ్టన్, ఎవరెస్ట్‌ల కష్టాలు చెప్పిందీ ఈయనే. జ్వరం దగ్గర గుండెనిబ్బరం పనికిరాదని, బెరడు కావాలని మార్కమ్‌కు తెలుసు. మంచు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైంది? నా అనుమానం ఇది: మన్యంలో పడిపోయేది ఎక్కువగా కూలీలు, సిపాయీలు. వాళ్లు పడిపోతే పని ఆగుతుంది, కాబట్టి మందు కావాలి. మంచులో పడిపోయేది నౌకాదళం పిల్లలు. వాళ్లు పడిపోతే అది జాతి గుణానికి పరీక్ష, మందు అడిగితే పరువు తక్కువ. ఒకే మనిషి బుర్రలో రెండు తూకపు రాళ్లు. బెరడు కథలోనూ అడుగున ఒక చావు ఉంది. క్వినైన్ ఎక్కువగా ఉండే రకం విత్తనాలు చార్లెస్ లెడ్జర్ కోసం ఏరిపెట్టిన బొలీవియా ఆదివాసి మనువేల్ మమానిని అక్కడి అధికారులు జైల్లో పెట్టి కొట్టారు, ఆ దెబ్బలతో పోయాడు. ఆ విత్తనాలు జావా దీవిలో డచ్చివాళ్లకు సిరులు కురిపించాయి.

పేరెక్కని మనుషుల సంగతి ఉత్తర ధ్రువంలో ఇంకా చిక్కగా ఉంది. 1845లో 129 మందితో ఫ్రాంక్లిన్ ఓడలు మాయమయ్యాయి. 1854లో అన్వేషకుడు జాన్ రే ఇన్యూట్లను విచారించి, ఆకలికి తాళలేక ఆ నావికులు చచ్చినవాళ్లను తిన్నారని వార్త తెచ్చాడు. లండన్ మండిపడింది. డికెన్స్ అంతటివాడు కలం పట్టి అది అడవి మనుషుల మాట, నమ్మరాదన్నాడు. ఇన్యూట్లు చెప్పినవైపే 2014లో ఆ ఓడల్లో ఒకటైన ఎరెబస్ దొరికింది. 2024లో ఆ యాత్రలోని కెప్టెన్ ఫిట్జ్‌జేమ్స్ దవడ ఎముకను డీఎన్ఏతో గుర్తించారు. దాని మీద కత్తి గాట్లున్నాయి. నూట డెబ్బై ఏళ్ల తర్వాత సాక్షుల మాట నిలిచింది. 1909లో అమెరికన్ యాత్రికుడు పియరీ ఉత్తర ధ్రువం చేరానన్నాడు, ఆ మాట ఇప్పుడు చాలామంది నమ్మరు. చేరాడో లేదో గానీ, అతని వెంట ఉన్న నల్లజాతి మనిషి మాథ్యూ హెన్సన్, నలుగురు ఇన్యూట్లు ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊక్వియా లేకపోతే అంత దూరమైనా వెళ్లేవాడు కాదు. ఆ పియరీయే 1897లో ఆరుగురు ఇన్యూట్లను న్యూయార్క్ మ్యూజియానికి తెచ్చాడు. నెలల్లో నలుగురు చనిపోయారు. వాళ్ల ఎముకలు మ్యూజియం నుంచి గ్రీన్‌లాండ్‌కు తిరిగి వెళ్లింది 1993లో.

ఎర్నెస్ట్ షాకల్టన్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య మేనేజ్‌మెంట్ ఉపన్యాసాల్లో ఆయన పేరు వినని ఊరు లేదు. ఎండ్యూరెన్స్ ఓడ 1915లో మంచులో నలిగి మునిగింది, 28 మంది మంచు పలకల మీదా పడవల మీదా బతికారు, చిన్న పడవలో 1,300 కిలోమీటర్లు సముద్రం దాటి సాయం తెచ్చాడు, 1916 ఆగస్టు 30న అందరూ ప్రాణాలతో దక్కారు. గొప్ప నాయకుడే. 1909లో ధ్రువానికి 180 కిలోమీటర్ల దూరంలో వెనుదిరిగే తెలివి ఉన్నవాడు. అయితే ఆ ఉపన్యాసాల్లో రెండు సంగతులు వినబడవు. సముద్రం దాటిన ఆ పడవ అంచులు ఎత్తి, పైన కప్పు వేసి, దాన్ని నిలబెట్టిన వడ్రంగి మెక్‌నీష్‌కు షాకల్టన్ పతకం రాకుండా చేశాడు, ఒకసారి ఎదురు మాట్లాడినందుకు. రెండోది, ఖండానికి అవతలి ఒడ్డున, దాన్ని దాటి రావలసిన షాకల్టన్ కోసమే డిపోలు పెట్టడానికి వెళ్లిన జట్టులో ముగ్గురు చనిపోయారు, ఒకరు స్కర్వీతో, ఇద్దరు పగిలిన సముద్రపు మంచులో. ఆ డిపోల్లోని తిండి షాకల్టన్ ముట్టనే లేదు.

స్కాట్ యాత్రలోనూ నా లెక్కలో అసలు నడక టామ్ క్రీన్‌ది. ధ్రువపు జట్టులోకి తీసుకోకుండా వెనక్కి పంపిన ముగ్గురిలో ఒకడు, ఐర్లండు రైతు కొడుకు. వాళ్ల లెఫ్టినెంటు టెడ్డీ ఇవాన్స్ స్కర్వీతో బండి మీద పడిపోతే, అతని దగ్గర మూడోవాడైన లాష్లీని కాపలా పెట్టి, మూడు బిస్కెట్లు, రెండు చాక్లెట్ ముక్కలు జేబులో వేసుకుని 56 కిలోమీటర్లు ఒక్కడే 18 గంటల్లో నడిచి సాయం తెచ్చాడు. ఇవాన్స్ బతికి అడ్మిరల్ అయ్యాడు. క్రీన్ తన ఊరికి పోయి సారాకొట్టు పెట్టుకున్నాడు, ఆ కబుర్లు ఎవరికీ చెప్పలేదు. ఇంకొక పేరు ఎడా బ్లాక్‌జాక్. కెనడా యాత్రికుడు స్టెఫాన్సన్ సాహసమంటే అసమర్థతకు గుర్తని నీతులు చెబుతూ, 1921లో నలుగురు కుర్రవాళ్లను రాంగెల్ దీవికి పంపాడు. వాళ్లకు తోలు బట్టలు కుట్టడానికి నెలకు 50 డాలర్లకు కుదిరిన అలాస్కా ఆదివాసి యువతి ఈమె, క్షయ పట్టిన కొడుకు వైద్యానికి డబ్బు కావాలి. తిండి తరిగాక ముగ్గురు మంచు మీద సాయానికి వెళ్లి తిరిగి రాలేదు. నాలుగోవాడు స్కర్వీతో ఆమె చేతుల్లో పోయాడు. తుపాకీ పట్టడం తనకు తానే నేర్చుకుని, 1923 ఆగస్టులో ఓడ వచ్చేదాకా బతికింది. ఓర్పుకు కొలబద్ద కావాలంటే నేను ఈమెను ముందు పెడతాను, స్కాట్‌ను చాలా వెనక.

మనవాళ్ల కథ ఆలస్యంగా మొదలైంది. ఆలస్యం మంచిదే అయింది, ఆ పాటికి విటమిన్ మాత్రలు, రేడియోలు వచ్చాయి. 1981 డిసెంబరు 6న గోవా నుంచి ఖాసిం నాయకత్వంలో 21 మంది బయల్దేరి 1982 జనవరి 9న దక్షిణ ధ్రువ ఖండం మీద కాలు పెట్టారు. 1983-84 యాత్రలో హర్ష్ గుప్తా నాయకత్వంలో దక్షిణ గంగోత్రి కేంద్రం కట్టారు. ఆయనే తర్వాత హైదరాబాదు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. అక్కడ తర్వాత కట్టిన మైత్రి కేంద్రంలో భూకంపాల్ని నమోదు చేసే పని కూడా హైదరాబాదు సంస్థే చూసింది. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006 జనవరిలో అక్కడి విన్సన్ శిఖరం ఎక్కాడు, 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ పూర్తిచేశాడు, 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం వదిలాడు. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2019 డిసెంబరులో అదే విన్సన్ ఎక్కింది. వీళ్లను స్కాట్‌తో పోల్చే సన్మాన ఉపన్యాసాలు నాకు నచ్చవు. విమానం దింపిన చోటి నుంచి ఎక్కడం వేరే పని, వేరే తర్ఫీదు, దాని కష్టం దానిదే.

మైత్రిలో చలికాలం గడిపే జట్టుకు ఈనాడు ఆకలి లేదు, స్కర్వీ లేదు. నెలల తరబడి చీకటి, గాలి హోరు, అవే ముఖాలు. డాక్టరు మందుల పెట్టెలో క్వినైన్ అవసరం లేదు గానీ నిద్ర పట్టని వాళ్ల సంగతి చూసుకోవాలి. జనరేటరు ఆగితే గంటల్లో గొట్టాలు గడ్డకడతాయి, కాబట్టి రాత్రింబవళ్లు ఎవరో ఒకరు దాని పక్కనే. మన యాత్రల శాస్త్రీయ నివేదికల్లో జట్టు జాబితా అచ్చవుతుంది. అందులో భూగర్భ శాస్త్రవేత్త పేరు ఉన్న పేజీలోనే వంటవాడి పేరూ, ఆ జనరేటరు మెకానిక్ పేరూ ఉంటాయి.